చిగుళ్ళ జబ్బు ఉంటే కరోనా ముదురుతుందా? నాన్న విషయంలో డాక్టరు చెప్పిన మాట

కావలి_కుర్రోడు
నాన్నకి 2021 మేలో కరోనా వచ్చింది. షుగరు ముందునుంచీ ఉంది. నెల్లూరులో ఒక ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉంచారు, స్టెరాయిడ్ ఇచ్చారు. ప్రాణంతో ఇంటికొచ్చాడు, అదే పదివేలు. కానీ అప్పట్నించీ నోరు వాసన, కింది పళ్ళు కదలడం, బ్రష్ పెడితే రక్తం. మొన్న పళ్ళ డాక్టరు ఎక్స్‌రే చూసి "ఈ ఎముక అరుగుదల కరోనాకి ముందే మొదలైంది. చిగుళ్ళలో అంత చీము పెట్టుకుని ఉన్నారు కాబట్టి ఊపిరితిత్తుల మీద దెబ్బ ఎక్కువ పడి ఉండొచ్చు" అన్నాడు. నోట్లో పాచికీ ఊపిరితిత్తులకీ సంబంధం ఏందో నాకు అర్థం కాలా. ఇంకో భయం అమ్మ గురించి. ఆమెకీ షుగరే, ఆమెకీ చిగుళ్ళ నుంచి రక్తం. క్లీనింగ్ చేయించుకోమ్మా అంటే "చేయిస్తే ఉన్న పళ్ళు ఊడతాయంట" అని కదలదు. తెలిసినోళ్ళు చెప్పండి.

ఒంగోలు_గిత్త
ఇప్పుడు ప్రతిదానికీ కరోనాని తగిలిస్తున్నారు. రోజుకి రెండుసార్లు బ్రష్ చేసుకునే మా బాబాయి పోయాడు ఆ మే నెలలో. చుట్ట తాగే మా తాత జలుబొచ్చినట్టు వచ్చి లేచి తిరిగాడు. పాచి ఏం చేసింది మరి?

పెన్నాగట్టు
గిత్తన్నా, అట్టా కొట్టిపారెయ్యబాక. రాష్ట్రంలో మొదటి కేసు బయటపడింది మన నెల్లూరులోనే, 2020 మార్చి 12న. అప్పట్నించీ ఎవరికెందుకు ముదిరిందో ఎవరికెందుకు ముదర్లేదో అని అందరం అడుగుతానే ఉన్నాం. ఇద్దర్ని చూసి తేల్చే సంగతి కాదు ఇది.

చిగురు_డెంటల్
చిగుళ్ళ జబ్బులే నేను రోజూ చూసేది, నెల్లూరులోనే ప్రాక్టీసు. కావలి తమ్ముడూ, మీ డాక్టరు ఆధారం లేకుండా అన్న మాట కాదు.

ఖతర్‌లో 568 మంది కరోనా రోగుల ఆస్పత్రి రికార్డులు, వాళ్ళ పళ్ళ ఎక్స్‌రేలు కలిపి చూశారు. 2021లో అచ్చయింది. ఎముక అరిగేంత చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళు ఐసీయూలో చేరే అవకాశం మూడున్నర రెట్లు, వెంటిలేటర్ దాకా పోయేది నాలుగున్నర రెట్లు, చనిపోయేది దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువగా కనపడింది. షుగరు, వయసు, సిగరెట్టు, బరువు ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక వచ్చిన అంకెలు ఇవి. వాళ్ళ రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపుకి గుర్తు), డీ-డైమర్ (రక్తం గడ్డకడుతోందనడానికి గుర్తు) కూడా మిగతావాళ్ళ కంటే ఎక్కువ. ఆ రెండు పేర్లూ 2021లో మన జిల్లాలో చదువు రానోళ్ళకి కూడా నోటికొచ్చాయి, గుర్తుందిగా.

నోట్లో ఉండే బ్యాక్టీరియా 700 జాతులకి పైనే. ఎక్కువ భాగం మనకి మేలు చేసేవే, లేదా ఊరికే ఉండేవే. పంటికీ చిగురుకీ మధ్య సందు లోతయ్యే కొద్దీ గాలి తగలని చోట బతికే రకాలు పెరుగుతాయి. పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, ఫ్యూసోబాక్టీరియం అనే పేర్లు మీరు ఎక్కడైనా చదివితే అవి ఇవే. అలాంటి సందులన్నీ కలిపి పరిస్తే పుండు పడ్డ చర్మం 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. కాలి మీద అంత పుండు ఉంటే ఆ రోజే ఆస్పత్రికి పోతాం. నోట్లో కాబట్టి ఏళ్ళ తరబడి మోస్తాం.

గూడూరు_నిమ్మ
డాక్టరమ్మా, అన్నం తింటా చదివా 😭

ఒంగోలు_గిత్త
ఆ ఖతర్ పేపరు ఇప్పుడే తీసి చూశా. 568లో జబ్బు ముదిరి ఇబ్బంది పడినోళ్ళు 40 మంది. చనిపోయినోళ్ళు 14. పద్నాలుగు మందిని పట్టుకుని తొమ్మిది రెట్లు అంటే ఆ అంకె ఎంత గట్టిది? ఇంకో పద్నాలుగు మందిని తీసుకుంటే మూడు రెట్లు రావచ్చు, ఇరవై రావచ్చు.

చిగురు_డెంటల్
గిత్త గారూ, మంచి ప్రశ్న. తొమ్మిది అనే అంకెని నేను కూడా పట్టుకుని వేలాడను. కానీ ఐసీయూ, వెంటిలేటర్, చావు, మూడూ ఒకే వైపు చూపించాయి, రక్త పరీక్షలు కూడా అదే వైపు. దాన్ని వదిలెయ్యలేం. చిగుళ్ళు బాగుచేస్తే కరోనా తగ్గుతుందని ఆ పేపరూ చెప్పలేదు, నేనూ చెప్పను.

సూక్ష్మం_సర్
డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. ఒంట్లో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

కరోనా వైరస్ కణంలోకి పోవాలంటే ఏసీఈ-2 అనే గ్రాహకం, అంటే కణం మీద వైరస్ అతుక్కునే చోటు, కావాలి. అది ముక్కు, ఊపిరితిత్తుల్లోనే కాదు, నాలుక మీద, లాలాజల గ్రంథుల్లో కూడా ఉంది. అంటే నోరు వైరస్‌కి దారి మాత్రమే కాదు, అక్కడే అది పెరుగుతుంది కూడా. లాలాజల గ్రంథుల్లో వైరస్ పెరగడాన్ని 2021లోనే చూపించారు. రుచి పోవడం, నోరు ఎండిపోవడం అందరం చూశాం.

వైరస్ దూరిన కణం మొదట చేయాల్సిన పని ఇంటర్‌ఫెరాన్ విడుదల చేయడం, పక్క కణాలు జాగ్రత్త పడటానికి. కరోనా ముదిరినవాళ్ళలో ఈ మొదటి స్పందన బలహీనంగానో ఆలస్యంగానో వచ్చింది. ప్రాణం మీదికొచ్చిన రోగుల్లో సుమారు పదిమందిలో ఒకరికి తమ ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నాయని 2020లో తేలింది. గిత్త గారి బాబాయి లాంటి వాళ్ళ విషయంలో ఇలాంటివి ఎన్నో ఉంటాయి, బ్రష్ చేశారా లేదా అన్నది ఒక్కటే కాదు. మొదటి స్పందన తప్పిపోయాక రెండో వారంలో ఐఎల్-6 లాంటి వాపుని పెంచే పదార్థాలు రక్తంలో ఎగబాకుతాయి. వాపు ఊపిరితిత్తుల్నే దెబ్బతీస్తుంది. అందుకే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పనిచేసింది. 2020 జూన్‌లో బ్రిటన్ వాళ్ళ రికవరీ ట్రయల్‌లో రోజుకి 6 మిల్లీగ్రాములు ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళ మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకి మాత్రం లాభం కనపడలేదు.

ఇప్పుడు చిగుళ్ళ సంగతి. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళ రక్తంలో ఐఎల్-6, సీఆర్‌పీ మామూలు రోజుల్లోనే కొంచెం ఎక్కువ ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థ ఏళ్ళ తరబడి ఒకచోట పోరాడుతూనే ఉంది. అలాంటి ఒంట్లోకి కరోనా వస్తే వాపు ఇంకా పైకి పోవడానికి అవకాశం ఉంది. ఇది ఒక దారి. రెండో దారి ఇంకా సూటిగా ఉంటుంది: నిద్రలో అందరం కొంచెం ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పీలుస్తాం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఊపిరితిత్తులు దాన్ని శుభ్రం చేసుకుంటాయి. వైరస్ అప్పటికే ఆ లోపలి పొరని చీల్చేసి ఉంటే ఆ బ్యాక్టీరియా అక్కడే కాపురం పెడుతుంది.

మార్కాపురం_పలక
సార్, క్లాసులో ఇట్లా చెప్పుంటే మేం కూడా సైన్సే తీసుకునేవాళ్ళం.

ఉదయగిరి_కొండ
అయితే కరోనా వచ్చినప్పుడు నోట్లో బ్యాక్టీరియా మారిపోతుందా? లేక ముందే చెడ్డది ఉన్నోళ్ళకి కరోనా ముదురుతుందా? ఏది ముందు?

సూక్ష్మం_సర్
రెండూ జరగొచ్చు కొండ గారూ. రోగుల నాలుక మీదనుంచి, గొంతులోనుంచి నమూనాలు తీసి చూసినప్పుడు రకాల సంఖ్య తగ్గి, కొన్ని జాతులే పెత్తనం చేయడం చాలా చోట్ల కనపడింది. అమెరికాలో ఒక బృందం నెలల తరబడి నీరసం, ఆయాసం వదలనివాళ్ళ నాలుక మీద ప్రీవోటెల్లా, వైలొనెల్లా జాతులు ఎక్కువగా ఉన్నాయని 2021లో రాసింది. అయితే ఆ రోగుల్లో చాలామంది యాంటీబయాటిక్ మింగినవాళ్ళు, నోటితో ఊపిరి తీస్తున్నవాళ్ళు, సరిగా తిననివాళ్ళు. ఒక్కోటీ నోటి బ్యాక్టీరియాని మార్చేదే. ఏది కారణం ఏది ఫలితం అని విడదీయడం అందుకే కష్టం.

ఇంకో మాట. మొదట్లో ఆస్పత్రిలో చేరిన కరోనా రోగుల్లో బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ కూడా ఉన్నవాళ్ళు వందకి నలుగురు లోపే అని 2020లో చాలా అధ్యయనాలు కలిపి లెక్కేశారు. యాంటీబయాటిక్ ఇచ్చింది మాత్రం వందలో 70 మందికి పైగా. అజిత్రోమైసిన్ స్ట్రిప్పు లేని ఇల్లు లేదు ఆ ఏడాది. నోట్లో మంచి జాతుల్ని కూడా అది చంపుతుంది.

గూడూరు_నిమ్మ
మేమయితే ఆ నెలలో అన్నీ చేశాం. కృష్ణపట్నంలో ఆనందయ్య మందు క్యూలో నిలబడ్డాం, ఆవిరి పట్టాం, బెటాడిన్ పుక్కిలించాం, మా తోటలో నిమ్మకాయలు పిండుకుని తాగాం. మా ఆయనకి చేపల పులుసు వాసన తెలీలేదు, అప్పుడే అనుకున్నా, ఇది జలుబు కాదని. నెల్లూరోడికి పులుసు వాసన తెలీకపోతే ఇంక పరీక్ష దేనికి?

పెన్నాగట్టు
😂😂 ఆర్‌టీపీసీఆర్ కన్నా నమ్మకం

కావలి_కుర్రోడు
బెటాడిన్ అంటే గుర్తొచ్చింది, అమ్మ ఇప్పటికీ రోజూ పుక్కిలిస్తది. పని చేస్తదా అది?

చిగురు_డెంటల్
వద్దు తమ్ముడూ, రోజూ వద్దు. పోవిడోన్ అయోడిన్ (బెటాడిన్ అంటే అదే) పుక్కిలిస్తే ఉమ్మిలో వైరస్ కొద్దిసేపు తగ్గుతుంది. అందుకే పళ్ళు పీకే ముందు మేం పుక్కిలించమనేవాళ్ళం, అది మమ్మల్ని కాపాడుకోవడానికి. కణాల లోపలికి పోయిన వైరస్‌ని అది అందుకోలేదు, జబ్బు ముదరకుండా ఆపిందన్న గట్టి రుజువు లేదు. నెలల తరబడి వాడితే అయోడిన్ ఒంట్లోకి పోతుంది, థైరాయిడ్ ఉన్నవాళ్ళకి మరీ ఇబ్బంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ కూడా రోజూ వద్దు. వారం రెండు వారాలు డాక్టరు రాస్తే సరే. ఎక్కువ వాడితే పళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి, నాలుక రుచి మారుతుంది. నాలుక మీద, ఆకుకూరల్లోని నైట్రేట్‌ని మార్చి రక్తపోటుని అదుపులో ఉంచడానికి సాయపడే మంచి బ్యాక్టీరియా ఉంటుంది, అది కూడా పోతుంది.

నిమ్మ అక్కా, నిమ్మరసం తాగండి, నోట్లో ఉంచుకుని పుక్కిలించొద్దు. పంటి పైపొర అరుగుతుంది.

మార్కాపురం_పలక
మా నాయన 80 ఏళ్ళకీ వేప పుల్లే. ఒక్క పన్ను ఊడలా. ఈ బ్రష్షులు, పేస్టులు, మౌత్‌వాష్‌లు అన్నీ కంపెనీల కోసం.

చిగురు_డెంటల్
వేప పుల్ల బాగా నమిలి, కుచ్చు మెత్తగా చేసి, చిగురు మీద రుద్దకుండా తోముకుంటే తప్పేం లేదు. లోపలి వైపు, వెనక దవడ పళ్ళకి అందదు, అక్కడే జబ్బు మొదలవుతుంది. బొగ్గు, ఇటుక పొడి మాత్రం వద్దు.

కనిగిరి_ఎండ
మా వైపు అందరికీ పళ్ళు గోధుమరంగే, ఫ్లోరైడ్ నీళ్ళు. పళ్ళు అట్లా ఉన్నాయని కరోనా వార్డులో ఒకాయన మా అన్నని "నోరు శుభ్రం లేదు" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుతానే ఉంది. ఫ్లోరైడ్ మరకలున్నోళ్ళకి కూడా ఈ ప్రమాదం ఉంటదా?

చిగురు_డెంటల్
లేదండీ. ఫ్లోరోసిస్ పన్ను తయారవుతున్న చిన్న వయసులోనే పైపొరలో జరిగే మార్పు. బ్యాక్టీరియా వల్ల రాదు, ఎంత తోమినా పోదు. మీ అన్నకి చిగురు గులాబీరంగులో గట్టిగా ఉండి, రక్తం రాకపోతే, పళ్ళు ఎంత గోధుమరంగు అయినా నోరు ఆరోగ్యంగానే ఉన్నట్టు. తెల్లగా మెరిసే పళ్ళ వెనక ఎముక సగం పోయినవాళ్ళని నేను రోజూ చూస్తాను. ఆ మాట అన్నవాళ్ళది తొందరపాటు, మీ అన్న మనసులోంచి తీసెయ్యమనండి.

పొగాకు_బ్యారన్
కందుకూరు దగ్గర. నలభై ఏళ్ళుగా పొగాకే పండిస్తున్నాం, చుట్ట కూడా ఆ పొగాకుతోనే. నా చిగుళ్ళ నుంచి ఎన్నడూ రక్తం చుక్క రాలా. అంటే బాగున్నట్టే గదా డాక్టరమ్మా?

చిగురు_డెంటల్
పెద్దాయనా, కోపం తెచ్చుకోవద్దు. నికోటిన్ చిగురులో రక్తనాళాల్ని బిగబడుతుంది. అందువల్ల లోపల జబ్బున్నా రక్తం రాదు. పొగ తాగేవాళ్ళలో ఎముక అరుగుదల ఇంకా ఎక్కువ, గుర్తు మాత్రం బయటికి కనపడదు. ఒకసారి ఎక్స్‌రే తీయించుకోండి. రిమ్స్‌లో అయినా, మీకు దగ్గర ఎక్కడైనా సరే.

పొగాకు_బ్యారన్
సరేనమ్మా. వేలం అయిపోనీ, పోతా.

చిగురు_డెంటల్
వేలం ముందే పోండి 🙏

ఉదయగిరి_కొండ
నా కథ చెప్తా. మా మామకి కరోనా తగ్గింది, ఇంటికి పంపారు. వారానికి పై పళ్ళు కదిలాయి, బుగ్గ మొద్దుబారింది, అంగిట్లో నల్లటి మచ్చ. మేం పంటి నొప్పి అనుకుని నొప్పి మాత్రలు వేశాం. చివరికి తెలిసింది బ్లాక్ ఫంగస్ అని. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం మూడు జిల్లాలు తిరిగాం. పై దవడ ఒక వైపు తీసేశారు. ఇప్పుడు అంగిట్లో ప్లేటు పెట్టుకుని తింటాడు, తియ్యగానే మాట ముక్కులోంచి వస్తది. మనిషి ఉన్నాడు, అది చాలు. కానీ నోట్లో చూడండి అని ఆ వారంలో ఒక్కరు చెప్పుంటే బాగుండేది.

సూక్ష్మం_సర్
కొండ గారూ, చాలా బాధగా ఉంది. బ్లాక్ ఫంగస్, అంటే మ్యూకర్‌మైకోసిస్, బ్యాక్టీరియా వల్ల వచ్చేది కాదు, బూజు జాతి. గాల్లో, మట్టిలో మామూలుగా ఉండేదే. షుగరు ఎక్కి, స్టెరాయిడ్‌తో తెల్ల రక్తకణాల పని తగ్గినప్పుడు ముక్కు పక్క గదుల్లో పాతుకుని దవడ ఎముకలోకి దిగుతుంది. 2021 జులై నాటికి దేశంలో 45 వేలకి పైగా కేసులు. రోగనిరోధక శక్తి ఎక్కువైనా ప్రమాదమే, అణిగినా ప్రమాదమే అని ఆ రోజులు చూపించాయి.

నైట్‌డ్యూటీ
ఇవన్నీ చదివాక రాయకుండా ఉండలేకపోతున్నా. 2021లో ఐసీయూ స్టాఫ్ నర్సుని. ఎక్కడ అన్నది వద్దు.

హై ఫ్లో ఆక్సిజన్ మీద ఉన్న మనిషి నోరు ఎట్లా ఉంటదో చూసినోళ్ళకే తెలుసు. నాలుక ఎండాకాలం చెరువు అడుగులా నెర్రెలిచ్చి, పెదాలు చీలి, అంగిట్లో తెల్లగా ఫంగస్ పొర. మామూలుగా రోజుకి లీటరు దాకా ఊరే ఉమ్మి ఆగిపోద్ది. ఉమ్మి అంటే నీళ్ళే కాదు, దాంట్లోనే గదా బ్యాక్టీరియాని పట్టే ఐజీఏ యాంటీబాడీ, లైసోజైమ్ ఉండేది. పీపీఈ కిట్టు లోపల చెమటతో తడిసి, ఒక్కో నర్సుకి బోలెడు బెడ్లు. మాస్కు తీస్తే సాచురేషన్ పడిపోతది. నోరు శుభ్రం చెయ్యడం జాబితాలో చివరికి పోయింది. మూడు రోజులు పళ్ళు తోమకుండా ఉన్న పేషెంటుని ట్యూబు వేసేటప్పుడు చూస్తే కన్నీళ్ళొచ్చేవి.

వెంటిలేటర్ న్యుమోనియా అంటే బయటినుంచి వచ్చేది అనుకుంటారు. చాలాసార్లు అది ఆ మనిషి నోట్లోదే, ట్యూబు పక్కనుంచి కిందికి జారినదే. 2023 డిసెంబరులో 15 ట్రయల్స్ కలిపి లెక్కేసి చెప్పారు: ఆస్పత్రిలో రోజూ బ్రష్‌తో పళ్ళు తోమిన రోగులకి న్యుమోనియా మూడో వంతు తగ్గింది, ఐసీయూ మరణాలు కూడా తగ్గాయి. మందు కాదు, మిషను కాదు, బ్రష్! ముందు మేం క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచేవాళ్ళం, 2022 నుంచి అమెరికా మార్గదర్శకాలు అది మానేసి బ్రష్ చెయ్యమంటున్నాయి. నాకు చెప్పాలనిపించేది ఇదొక్కటే. ఇంట్లోవాళ్ళు ఆస్పత్రికి ఫ్లాస్కు, దుప్పటి, పండ్లు తెస్తారు. బ్రష్ తీసుకురండి. నర్సుని అడగండి, ఇవాళ నోరు శుభ్రం చేశారా అని. అడిగితే మాకు కోపం రాదు.

ఒంగోలు_గిత్త
ఈ మాట ఒప్పుకుంటా. ఖతర్ పేపరు కన్నా ఇది గట్టిగా ఉంది. రెండు గుంపులుగా విడదీసి చూసిన పరీక్షలు గదా.

గూడూరు_నిమ్మ
గిత్త ఒప్పుకున్నాడు! స్క్రీన్‌షాట్ తీసుకోండి ఎవరన్నా.

పెన్నాగట్టు
కరోనా పోయి ఏళ్ళయింది, ఇప్పుడు ఇదంతా ఎందుకు అనేవాళ్ళకి ఒక మాట. 1918 ఫ్లూలో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది వైరస్ తర్వాత గొంతులోని బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగడం వల్లే పోయారని 2008లో పాత శవపరీక్ష నమూనాలు చూసి రాశారు. ఇది ఒక్క కరోనా సంగతి కాదు.

కావలి_కుర్రోడు
అందరికీ దండాలు. అమ్మకి ఏం చెప్పి ఒప్పించాల?

చిగురు_డెంటల్
గార పంటి మొదట్లో గట్టిగా పేరుకుని, ఎముక పోయిన ఖాళీని నింపేసి ఉంటుంది. అది తీశాక ఖాళీ కనపడుతుంది, పన్ను కదిలినట్టు అనిపిస్తుంది. పన్నుని వదులు చేసింది గార, క్లీనింగ్ కాదు. ఆమెకి షుగరు కాబట్టి ఇంకో మాట చెప్పండి: చిగుళ్ళకి వైద్యం చేయించుకున్న షుగరు రోగులకి మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) సగటున 0.4 శాతం దాకా తగ్గుతుంది. ఇంకో మాత్ర తగ్గుతుందేమో అంటే ఒప్పుకుంటారు. షుగరు, రక్తం పలచన చేసే మాత్రలు ఏమైనా ఉంటే ముందే డాక్టరుకి చెప్పాలి.

ఉదయగిరి_కొండ
నైట్‌డ్యూటీ అక్కా, మా తాతకి పక్షవాతం, మంచం మీదే. మింగడం కూడా కష్టం. ఇంట్లో నోరు ఎట్టా శుభ్రం చెయ్యాల? నీళ్ళు గొంతులోకి పోతాయని మా అవ్వ దగ్గరికే రానీదు.

నైట్‌డ్యూటీ
అవ్వ భయం న్యాయమే. పడుకోబెట్టి ఎప్పుడూ చెయ్యొద్దు. తల వైపు ఎత్తుగా దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి, కుదరకపోతే ఒక పక్కకి తిప్పి గడ్డం కింద టవలు పెట్టండి. చిన్నపిల్లల మెత్తటి బ్రష్ తీసుకుని తడిపి పిండేయండి, నీళ్ళు కారకూడదు. పేస్టు బియ్యపు గింజంత, లేకపోయినా పరవాలేదు, నురుగు మింగుతాడని భయం ఉంటే అస్సలు వద్దు. బుగ్గ వైపు, నాలుక వైపు, పైన, కింద నిదానంగా. పక్షవాతం వచ్చిన వైపు బుగ్గలో అన్నం ముద్ద ఉండిపోద్ది, ఆయనకి తెలీదు. వేలికి తడిగుడ్డ చుట్టి అది తియ్యండి, కొరుకుతాడని అనిపిస్తే వేలు పెట్టొద్దు, బ్రష్‌తోనే. నాలుక మీద కూడా మెల్లగా. పెదాలకి కొంచెం కొబ్బరినూనె. రోజుకి రెండుసార్లు, రాత్రి పడుకునే ముందు మాత్రం తప్పనిసరి. జపాన్‌లో వృద్ధాశ్రమాల్లో రెండేళ్ళు ఇట్లా చేసి చూశారు, 1999లో రాశారు. చేసినచోట న్యుమోనియా వందకి 11 మందికి, చెయ్యనిచోట 19 మందికి.

పొగాకు_బ్యారన్
మా ఆవిడ కట్టుడు పళ్ళు రాత్రిళ్ళు కూడా తియ్యదు. నవ్వుతారంట.

చిగురు_డెంటల్
తీయించండి పెద్దాయనా. కట్టుడు పళ్ళతో నిద్రపోయే వృద్ధులకి న్యుమోనియా ప్రమాదం రెండింతలకి పైగా ఉందని జపాన్‌లోనే 2015లో చూశారు. తీసి, సబ్బుతో బ్రష్ చేసి, మంచినీళ్ళ గిన్నెలో వెయ్యాలి. వేడినీళ్ళు వద్దు, వంకరపోతాయి. పొద్దున్నే కడిగి పెట్టుకోవాలి.

పొగాకు_బ్యారన్
గిన్నె మీద మూత ఉండాలా?

చిగురు_డెంటల్
ఉండాలి. నీళ్ళు రోజూ మార్చాలి.